ఏం బిడ్డ?

నా సర్వీసంతా పురుళ్ళు పోయడంలోనే గడిచింది. బిడ్డ ఏడుపు వినపడగానే తలుపు అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న నాకు కంఠతా వచ్చు. తల్లి ఎలా ఉందని కాదు. బిడ్డ బాగుందా అనీ కాదు. "మగా? ఆడా?" మేడలోనైనా, తాటాకు పాకలోనైనా ఇదే మాట. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు ఆసుపత్రుల్లో కడుపులో బిడ్డ ఏమిటో ముందుగా చెప్పడం నేరమని బోర్డులు పెట్టారు, సంతోషం. బోర్డు పెడితే ప్రశ్న పోతుందా? గొంతులో కూర్చుని వేచి ఉంటుంది.

ఈ మధ్య మా మనవరాలి స్నేహితురాళ్ళు, నర్సింగు చదివే పిల్లలు, ఇంటికొచ్చి "అమ్మమ్మగారూ, మీరు మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అన్నారు. వాళ్ళు ఏ ఎదురుకాళ్ళ కాన్పు కథో చెబుతాననుకున్నారు. నేను చెప్పింది విని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అందులో ఒక పిల్ల, "ఇంతకీ అది ఏం బిడ్డండీ?" అంది. కథంతా విన్నాక! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఓపికుంటే చదవండి, లేకపోతే మానండి.

యాభైల చివర్లో సంగతి. గుంటూరు జిల్లాలో ప్రత్తిపాడు దాటి ఇంకా దక్షిణానికి పోతే, నల్లరేగడిలో ఒక పెద్ద ఊరు. నా మొదటి పోస్టింగు అక్కడి ప్రసూతి సెంటరులో. ఆ ఊళ్ళో అన్నీ రెండు. రెండు బజార్లు, రెండు కాఫీ హోటళ్ళు, రెండు భజన సమాజాలు. తూర్పు బజారుకు గడ్డం గీసే మంగలి పడమటి బజారు గడ్డం ముట్టుకోడు. పంచాయతీ ఎన్నికల్లో తూర్పు వాళ్ళకు లాంతరు గుర్తు, పడమటి వాళ్ళకు గొడుగు గుర్తు వచ్చాయట. నేను వెళ్ళేసరికి ఎన్నికలు ముగిశాయి, గొడుగు గెలిచింది, కానీ గుర్తులు మాత్రం మనుషుల్ని వదల్లేదు. 'వాడు గొడుగోడు', 'ఆమె లాంతరామె' అని పిలుచుకునేవాళ్ళు. పుట్టిన పసికందు కూడా ఏదో ఒకటి.

నేను బస్సు దిగింది మిట్టమధ్యాహ్నం. నెత్తిన ఎండ పేలిపోతోంది. గొడుగు వేసుకుని దిగాను. ఇంకేముంది! సాయంత్రానికల్లా తూర్పు బజారంతా 'సర్కారు నర్సమ్మ గొడుగు మనిషి' అని తేల్చేసింది. ఆ వారంలోనే ఒక పొద్దుగుంకే వేళ లాంతరు పట్టుకుని కాన్పుకు వెళ్ళాను. పడమటి వాళ్ళు 'అమ్మో, ఇది లాంతరుదే, పగలు వేషం వేసింది' అన్నారు. సర్కారు ఇచ్చిన సామానులో గొడుగూ ఉంది, లాంతరూ ఉంది బాబూ అంటే చెవిన వేసుకున్న వాడు లేడు. చివరికి రెండు బజార్లూ కలిసి నాకో పేరు పెట్టాయి: గోడ మీద పిల్లి. ఆ ఊళ్ళో రెండు పార్టీలూ ఏకాభిప్రాయానికొచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

అంతకన్నా పెద్ద చిక్కు, మా సెంటరు గుమ్మం పడమటికి ఉంది. అందుకని తూర్పు బజారు గర్భిణులు లోపల అడుగుపెట్టరు. కడుపుతో ఉన్న పిల్లలు కాళ్ళు వాచి ఉంటే దూరం నుంచి నేను చూస్తూ ఉండటమే. కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగేదాన్ని. దానికి ఉపాయం చెప్పింది మా ఆయా.

ఆయా సాయిబులావిడ. ఆమె పెనిమిటి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పరుపులు రెండు బజార్లకూ కావాలి కాబట్టి ఆ ఇంటివాళ్ళను మాత్రం ఎవరూ ఏ పార్టీ అని అడిగేవాళ్ళు కాదు. ఆయా నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్న ఎవరింట్లో ఏం కూరో మధ్యాహ్నానికి ఊరంతా తెలిసేది ఆమె చలవే. "ఇదేం లెక్కమ్మా," అంది ఒకరోజు. "వెనక గోడకు తలుపుంది గదా, సామాన్లు అడ్డం పెట్టారు. అది తీస్తే తూర్పు మొహం." తీశాం. మర్నాటి నుంచి తూర్పు ఆడవాళ్ళు వెనక తలుపున, పడమటి ఆడవాళ్ళు ముందు తలుపున వచ్చేవాళ్ళు. లోపల ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు చూడనట్టు నటించేవాళ్ళు. కాసేపటికి ఆ పొట్ట ఎన్నో నెల అని ఈ పొట్ట అడిగేది. నవ్వొచ్చేది నాకు.

ఇక అసలు సంగతి. తూర్పు బజారు పెద్దాయన, అంటే లాంతరు పార్టీకి తల, ఎన్నికల్లో ఓడి ఉన్నాడు. ఆయన కోడలు నిండు నెలలతో ఉంది. అంతకుముందే గొడుగు పార్టీ పెద్ద ఇంట్లో నా చేతుల మీదుగా మనవడు పుట్టాడు. 'వాళ్ళకు సర్కారు నర్సమ్మ పురుడు పోస్తే మనకూ సర్కారు నర్సమ్మే పొయ్యాల. వాళ్ళకు మగపిల్లాడైతే మనకూ మగపిల్లాడే' అన్నాడాయన. మొదటిది నా చేతిలో ఉంది. రెండోదానికి నేనేం చెయ్యను? ఆయన మాత్రం పంచడానికి బెల్లం బుట్టలు ముందే తెప్పించి వరండాలో పెట్టించాడు. లాంతరు పార్టీ మగవాళ్ళంతా ఆ వరండాలోనే మకాం.

మిరపకాయలు కళ్ళాల నుంచి ఇళ్ళకు చేరే రోజులవి. ఆ ఇంటి పెరడంతా ఎర్రగా పరుచుకుని ఉంది. ఇంటి పెద్దమ్మ, ఆ పెద్దాయన భార్య, కూలి ఆడవాళ్ళతో కూర్చుని కాయలు ఏరుతోంది. నేను లోపలికి వెళ్తుంటే ఘాటుకు తుమ్ములు ఆగలేదు. "నేను లోపలికి రానమ్మా, చేతుల నిండా కారం. పురిటి గదిలో నా చెయ్యి తగిలితే బిడ్డ మండిపోద్ది. నువ్వే చూసుకో," అంది తలెత్తకుండా.

కోడలు పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళ పిల్ల. ఓర్పు గలది. పొద్దెక్కేసరికి కాన్పు సులువుగా అయిపోయింది. బిడ్డ పుట్టీపుట్టగానే ఇల్లు ఎగిరేలా ఏడ్చింది. ఆయా బిడ్డను అందుకుని గుడ్డతో తుడుస్తూ మధ్యలో ఆగింది. నా వైపు చూసింది. నేను వంగి చూశాను.

ఇటు అనుకుంటే అటు ఉంది. అటు అనుకుంటే ఇటు ఉంది. ట్రైనింగులో మాకు పాఠం చెప్పే సిస్టరు ఒకసారి చెప్పింది, ఇలాంటి బిడ్డలు పుడతారని. పరీక్షకు రాదులే అని మేమెవరమూ సరిగ్గా వినలేదు. బిడ్డ ఒళ్ళు చూస్తే నిక్షేపంలా ఉంది. ఎర్రగా, బలంగా, గుప్పిళ్ళు బిగించి. ఏ లోపమూ లేదు. ప్రశ్నకు జవాబు లేదు, అంతే.

"ఏం బిడ్డ?" అని వరండాలోంచి పెద్దాయన గొంతు.

ఆయా తలుపు దగ్గరికి వెళ్ళి "బంగారం లాంటి బిడ్డండీ!" అంది.

"బంగారం సరే. మగా, ఆడా?"

ఆయా వెనక్కొచ్చి నా చెవిలో, "ఆడపిల్లని చెప్పెయ్యండమ్మా. ఆడపిల్లంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. మొహాలు వేలాడేసుకుని పోతారు," అంది. అది నిజం. కానీ ఆడపిల్లంటే పద్నాలుగో ఏట ఏ మేనమామకో కట్టబెడతారు. మగపిల్లాడంటే ఇవాళ బెల్లం పంచుతారు, రేపు స్నానం చేయించేటప్పుడు నిజం బయటపడుతుంది. రెండు అబద్ధాలూ ఆ గుప్పెడు ప్రాణం మీదే పడతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అనలేదు.

నేనే బయటికి వెళ్ళాను. పెద్దాయన్ను తలుపు పక్కకు పిలిచి, "తల్లీ బిడ్డా క్షేమమండి. మగో ఆడో ఇప్పుడు నేను చెప్పలేను. బాలెంతకు కాస్త ఓపికొచ్చాక గుంటూరు పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు గారికి చూపిద్దాం," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "చెప్పలేకపోవటం ఏందమ్మా? కళ్ళు లేవా నీకు?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి అర్థమైంది. ఆ మొహం చూసి నేను ఒకడుగు వెనక్కి వేశాను. పళ్ళు బిగించి ఆయనన్న మాట ఏమిటో తెలుసా? "గొడుగోళ్ళు పంపారా నిన్ను?"

చూశారా మరి! ఇంట్లో పుట్టిన బిడ్డను కూడా ఆయన ఆ రెండింటితోనే కొలిచాడు. మన పార్టీ కాని సంగతి జరిగిందంటే అది వాళ్ళ పార్టీ చేసిందే. ఆయనకు మూడో దారి లేదు పాపం. పాపం అని ఇప్పుడంటున్నాను. అప్పుడు మాత్రం మనసులో తిట్టుకున్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "సరే. జరిగింది జరిగింది. తల్లి పక్కన పెట్టబాకండి. పాలు పట్టబాకండి. దానంతటదే పోతుంది. పుట్టి పోయిందని చెబుతాం. మీరిద్దరూ నోరు మూసుకుని ఇంటికి పోండి."

నేను లోపలికొచ్చి తలుపేసి పీట మీద కూర్చున్నాను. "మనం కదలడం లేదు," అన్నాను ఆయాతో. "కదులుతామా ఏంటి?" అందామె, బిడ్డను పైట కింద పెట్టుకుని. గోడవైపు తిరిగి పడుకున్న తల్లి అంతా విన్నది. "అక్కా, నేనేం తప్పు చేశాను?" అంది. ఏమీ చెయ్యలేదు తల్లీ అన్నాను. "పాలు పట్టొచ్చా?" అంది మెల్లగా. పట్టు అన్నాను. ఆ పిల్ల చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది. "మా అత్తమ్మ ఏమంటుందో," అంది. మొగుడు ఏమంటాడో అనలేదు. ఆ కుర్రవాడు వరండాలో స్తంభం పక్కన తండ్రి మొహం చూస్తూ నిలబడి ఉన్నాడు, అతని మాట ఎవరికి కావాలి? ఆ ఇంట్లో లోపలి మాట అత్తగారిది.

బిడ్డ ఆకలికి గుక్కపెట్టింది. నేను పెరట్లోకి వెళ్ళాను. కూలి ఆడవాళ్ళు అన్నాలకు పోయారు. పెద్దమ్మ ఒక్కతే కూర్చుని ఏరుతోంది. ఎర్రగా నిగనిగలాడే కాయలు కుడిచేతి పక్క కుప్ప, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఎడమచేతి పక్క కుప్ప. చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఎదురుగా కూలబడ్డాను. ఎవరో అంతకుముందే వచ్చి ఆమెకు చెప్పి ఉంటారు, అడగాల్సింది ఏమీ అడగలేదు.

"గట్టిగా ఏడ్చిందే," అంది.

"గట్టి పిండమండీ."

"ఇంకా ఏడుస్తుందేం?"

"ఆకలి. పాలు పట్టొద్దన్నారు మీ ఆయన."

కాయ కుడికి, కాయ ఎడమకి. నాది ఉపన్యాసం ఇచ్చే వయసూ కాదు, ధైర్యమూ లేదు. చేతులు ఊరుకోక నేనూ ఒక కాయ తీశాను. సగం ఎరుపు, సగం తెలుపు. ఏ కుప్పలో వెయ్యాలో తెలియక పట్టుకుని కూర్చున్నాను. "ఇటివ్వు," అని తీసుకుని ఆమె తన మోకాలి దగ్గరున్న చిన్న గంపలో వేసింది. అందులో అన్నీ అలాంటివే.

"ఇవెందుకండీ విడిగా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"ఇవా? ఇంటికి. ఎర్రవాటిల్లో కలిపితే బజారులో మాట పడాల. తాలులో కలిపి పారెయ్యటానికి మనసు రాదు. మా అత్త కాలం నుంచీ ఈ ఇంట్లో కారం ఈటితోనే కొడతాం..."

మాట మధ్యలో ఆగిపోయింది. చెయ్యీ ఆగింది. లోపల బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఆమె ఆ చిన్న గంప వైపు చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది, ఏదో దొంగతనం చేస్తూ పట్టుబడ్డ మనిషిని చూసినట్టు. నేను కావాలని అన్నాననుకుందేమో. ఒట్టు, నాకు అంత తెలివి లేదు.

"ఒసేయ్, ఎవరే అక్కడ! చల్ల తీసుకురండే!" అని ఒక్క కేక పెట్టింది. కారం చేతులకు చల్ల, ఆపైన కొబ్బరినూనె, ఆపైన మళ్ళీ చల్ల. మోచేతుల దాకా రుద్ది రుద్ది కడిగింది. నాలుకతో వేలు కొస తాకి చూసుకుంది. అప్పుడు లోపలికి వచ్చి, ఆయా చేతుల్లోంచి బిడ్డను తీసుకుని, అటూ ఇటూ ఏమీ చూడకుండా కోడలి రొమ్ముకు ఆనించింది. "పట్టవే, ఏం చూస్తావు," అంది. బిడ్డ టక్కున ఏడుపు ఆపి చప్పరించింది. ఆ పిల్ల కళ్ళ నీళ్ళు బిడ్డ నెత్తిన పడుతున్నాయి. నేనూ ఏడ్చాను, దాపరికమెందుకు.

పెద్దాయన తలుపు తోసుకు వచ్చాడు. "నేను చెప్పిందేంది, నువ్వు చేసేదేంది?"

పెద్దమ్మ లేచి నిలబడింది. "ఏందయ్యా, మగా ఆడా అని బేరం చూస్తన్నావు? బజారుకు తోలి అమ్ముతావా ఏంది? మన ఇంట్లో ఉండే బిడ్డ. బజారుతో మనకేం పని?"

"ఊరు నవ్వుద్ది."

"నవ్వితే నవ్వుద్ది. ఓడిపోయినప్పుడు నవ్వలా? చచ్చామా?"

ఆమె ఆయన్ను దాటుకుని వరండాలోకి వెళ్ళింది. మగవాళ్ళంతా లేచి నిలబడ్డారు. "బిడ్డ పుట్టింది. బెల్లం పంచండి," అంది. ఎవరో వెనకనుంచి, "ఏం బిడ్డ పెద్దమ్మా?" అన్నారు. "మా బిడ్డ," అని లోపలికొచ్చి తలుపేసింది.

ఇక ఊరు సంగతి వినండి. పడమటి బజారు 'ఆడపిల్లే, పరువు కోసం దాస్తున్నారు' అంది. తూర్పు బజారు 'మగపిల్లాడే, దిష్టి తగులుతుందని దాస్తున్నారు' అంది. కాఫీ హోటళ్ళలో చొక్కాలు పట్టుకున్నారు కూడా. ఊరు నిలువునా రెండుగా చీలి కొట్టుకుంది గానీ ఇంకో మాట ఎవరి బుర్రకూ తట్టలేదు. ఏ గుణం ఆ బిడ్డ ప్రాణం తీయబోయిందో ఆ గుణమే కాపలా కాసింది. నా ఆయా, నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఎవరడిగినా "బంగారం లాంటి బిడ్డ" అన్న మాట తప్ప ఇంకో మాట అనలేదు. నిజం నా లోపల కుతకుతలాడేది. ఎవరన్నా ఎదురుపడితే దారి మార్చుకునేదాన్ని.

పురుడు వెళ్ళాక ఆయాను వెంటబెట్టుకుని తల్లిని, బిడ్డను, పెద్దమ్మను గుంటూరు తీసుకెళ్ళాను. లేడీ డాక్టరు గారు శ్రద్ధగా చూసి, "ఒంట్లో జబ్బేం లేదు. పెరగనివ్వండి. ఏమిటన్నది పెద్దయ్యాక తెలియవచ్చు, తెలియకపోవచ్చు," అంది. పెద్దమ్మ "పాలు తాగుద్ది గదా, చాలు," అని బిడ్డను చంకనేసుకుంది. నేను మాత్రం ఉండబట్టలేక వెనక్కి వెళ్ళి, మనకు ఎప్పుడూ ఇటో అటో అని ఈ రెండు కుప్పలెందుకు మేడం అని అడిగాను. ఆవిడ నవ్వి, "తొందరమ్మా. చీకట్లో కాలికేదో తగిలితే తాడా పామా అనే అడుగుతాం. మూడోది ఆలోచించేలోపు కరిస్తే?" అంది. బస్సులో ఆయాకు ఈ మాట చెబితే కొట్టిపారేసింది. "అదేం కాదమ్మా. దేవుడు రెండు చేతులే ఇచ్చాడు. మూడో చెయ్యుంటే మూడో కుప్ప పెట్టేవాళ్ళం." రెండూ నాకు చాలలేదు. ఆ తర్వాత ఎన్ని వందల బిడ్డల్ని చూశానో. పుట్టిన బిడ్డకు మగా తెలియదు, ఆడా తెలియదు, లాంతరూ గొడుగూ తెలియవు. కానీ పాలున్నాయా, లేవా, అది తెలుసు. ఉంటే ఊరుకుంటుంది, లేకపోతే ఏడుస్తుంది. ఆ మొదటి ఏడుపులోనే రెండు మొదలవుతాయేమో, మిగతాదంతా మనం పెంచి పోషించిందేమో. ఇది నా ఊహ. పుస్తకాలు చదివిన పిల్లలు మీరు, తప్పయితే దిద్దండి.

నాకు బదిలీ అయి వాడరేవు వైపు వెళ్ళాను. అరవైల నడుమ ఒకసారి ఆయాను చూడ్డానికి ఆ ఊరు వచ్చి, ఉండబట్టలేక ఆ పెరట్లోకీ వెళ్ళాను. మిరపకాయల రోజులే. పెద్దమ్మ అదే చోట కూర్చుని ఏరుతోంది, వీపు ఇంకా వంగింది. పక్కన ఏడెనిమిదేళ్ళ బిడ్డ. లాగూ చొక్కా, తలలో కనకాంబరాలు. నవ్వితే ముందు పళ్ళు లేవు. నా కళ్ళు ఏం చేశాయో చెప్పనా? జుట్టు చూశాయి, చెవులు చూశాయి, కూర్చున్న తీరు చూశాయి. ఇటా, అటా అని వెతికాయి. "ఏం చూస్తన్నావు నర్సమ్మా?" అంది పెద్దమ్మ, కాయల మీంచి తలెత్తకుండానే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ బిడ్డ కూడా నన్ను ఎగాదిగా చూస్తోంది. ఎండకు నేను వేసుకొచ్చిన గొడుగు దగ్గర చూపు ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"నానమ్మా, ఈమె గొడుగోళ్ళ మనిషా, మన మనిషా?"

పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. జవాబు కోసం ఆ బిడ్డ నా మొహంలోకే చూస్తోంది, అచ్చం వాళ్ళ తాతలాగా. నేను గొడుగు మూసి పక్కన పడేసి, ఆ ఎండలోనే పెద్దమ్మ మోకాలి దగ్గరున్న ఆ చిన్న గంప పక్కన కూర్చుని కాయలు ఏరడం మొదలుపెట్టాను.